గుర్రపు బిళ్ళలు

మొదటి బిళ్ళ నాకు ఒక టేబుల్ లైటుతో పాటు ఊరికే వచ్చింది.

మా ప్లాంటులో పైపుల తనిఖీ చూసే ఇంగ్లీషాయన ఒకాయన ఉద్యోగం ముగించుకుని వెళ్ళిపోతూ ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టాడు. దోహాలో ప్రతి వారం ఎవరో ఒకరు అలా ఇల్లు ఖాళీ చేస్తూనే ఉంటారు. నేను లైటు కోసం వెళ్ళాను. అది పెట్టిన బల్ల సొరుగులో పాత తాళంచెవుల మధ్య బొటనవేలంత రాగి ముక్క ఒకటి కనిపించింది. చిన్న డాలు ఆకారం, పైన రంధ్రమున్న కొక్కెం, ముందువైపు మూడు సింహాలు, వాటి చుట్టూ అక్కడక్కడా ఎర్రటి రంగు. తాళాల గుత్తికి తగిలించే బిళ్ళ అనుకున్నాను.

"గుర్రానిది" అన్నాడాయన. ఏడువందల ఏళ్ళ కిందట వాళ్ళ దొరలు గుర్రం ఛాతీ మీద పట్టెడకు ఇలాంటి బిళ్ళలు వరసగా కట్టేవారట. దొర వంశపు గుర్తు దాని మీద ఉంటుంది. గుర్రం ఎవరిదో, ఏ ఇంటిదో చూడగానే తెలిసిపోవాలి. తోలు తెగి బిళ్ళ పొలంలో రాలిపోతే దొరగారికి తెలిసేది కూడా కాదు. ఇప్పుడు జనం లోహాలు పసిగట్టే మిషన్లు పట్టుకుని దుక్కిచాళ్ళలో తిరుగుతూ వాటిని ఏరుకుంటున్నారట. "నచ్చిందా? తీసుకో" అని లైటు సంచిలోనే వేసేశాడు.

అప్పుడు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం ఊరంతా తవ్వి పోస్తున్నారు. నేను ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లా మేడ మీద గదిలో ఉండేవాణ్ణి. ఉద్యోగం ఊరికి దూరంగా మెసయీద్‌లో, ఇన్‌స్ట్రుమెంట్ విభాగంలో. ఏ రోడ్డు ఎప్పుడు మూస్తారో కంపెనీ బస్సు డ్రైవరుకే తెలిసేది కాదు. నిన్న తిరిగిన మలుపు దగ్గర ఇవాళ ఎర్ర ప్లాస్టిక్ దిమ్మలు అడ్డంగా ఉండేవి.

మా ఆవిడ కాకినాడలో ప్రభుత్వ పాఠశాల టీచరు. జీతం లేని సెలవు పెట్టి కొన్నాళ్ళు నా దగ్గరే ఉంది, అప్పుడు మాకు వేరే ఫ్లాటు ఉండేది. సెలవు అయిపోయాక పిల్లవాణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. "మీరూ వచ్చేయండి" అంది. "రెండేళ్ళలో వచ్చేస్తాను" అన్నాను. ఆ రెండేళ్ళు సాగుతూనే ఉన్నాయి. ఫోనులో రోజూ అవే మాటలు. తిన్నారా, తిన్నాను. ఎండగా ఉందా, ఉంది. వాడు చదువుతున్నాడా, చదువుతున్నాడు. అంతటితో అడగవలసినవి అయిపోయేవి. ఇద్దరం ఫోను చెవి దగ్గర పెట్టుకుని కాసేపు ఊరుకునేవాళ్ళం. వీడియోలో చూసుకుందామంటే ఖతర్‌లో అది సరిగా పనిచేసేది కాదు.

అలాంటి ఖాళీలో ఆ బిళ్ళ వచ్చి కూర్చుంది. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేశాక దాన్ని లైటు కింద పెట్టుకుని చూసేవాణ్ణి. కొన్నాళ్ళకు ఇంటర్నెట్‌లో వీటిని వేలానికి పెడతారని తెలిసింది. వెలిసిపోయిన లిల్లీ పువ్వు ఒకటి పాడుకున్నాను, తర్వాత తోక విరిగిన సింహం. మా విల్లాలో ఉన్న నలుగురూ మంచివాళ్ళే. "ఏంటి బాస్, మళ్ళీ తుప్పు వచ్చిందా?" అని నవ్వి వాళ్ళ పనుల్లో వాళ్ళు పడిపోయేవారు. మా ఆవిడకు ఫోన్లో చెబితే, "పాత ఇత్తడి సామాను కొనుక్కుంటున్నారా?" అంది. అవునన్నాను.

వేలంలో ఒక మనిషి నన్ను చాలా ఏడిపించేవాడు. పేరు కనిపించదు కదా, ఏవో అక్షరాలు, చుక్కలు. నాకు నచ్చిన ప్రతిదానికీ అతనే పోటీ వచ్చేవాడు. ఇంగ్లండులో పెద్ద బంగళాలో కూర్చున్న ఏ ముసలాయనో అనుకునేవాణ్ణి. నీలం రంగు మీద పక్షి ఉన్న బిళ్ళ ఒకటి వచ్చినప్పుడు చివరిదాకా పట్టుబట్టాను. అతనే పాడుకున్నాడు. రెండు రోజులు మనసు బాగాలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలకు కొరియర్ అతను కింద నుంచి పిలిచి ఒక పొట్లం ఇచ్చాడు. "ఇంగ్లండ్ పార్సిల్, సార్. మీదే కదా" అన్నాడు. నాకు రావలసింది మరొకటి ఉంది, అదే అనుకుని చూసుకోకుండా విప్పేశాను. లోపల దూదిలో ఆ పక్షి. నేను ఓడిపోయిన పక్షి.

అప్పుడు చూశాను చిరునామా. మా పేటే. ఇంటి నంబరులో ఒక్క అంకె తేడా. పేరు చూస్తే తెలుగు ఆడమనిషి పేరు.

అది మా వెనక వరసలో ఉన్న విల్లా. గంట కొడితే అరవై దాటిన ఆవిడ గొళ్ళెం తీయకుండానే తలుపు సందులోంచి చూసింది. తెల్లటి ముడి, మెడలో కళ్ళజోడు గొలుసు.

"ఎవలు కావాలె?"

"మీ పార్సిల్ పొరపాటున మాకొచ్చిందండి."

చెయ్యి చాచి తీసుకుని అతుకు మీద వేలు రాసి చూసుకుంది. "విప్పినవా?"

"నాదేననుకుని విప్పేశానండి. క్షమించాలి."

"విప్పితే విప్పినవ్ గని, చూసి ఏమనుకున్నవ్?"

"కొంగ అనుకున్నానండి."

"కొంగ గాదు. కాళ్ళున్నయా దానికి? లెవ్వు. గట్లనే చేస్తరు. నేల మీద వాలని పిట్ట అన్నట్టు." అని ఆగి, నా వైపు తల కాస్త పక్కకు తిప్పి చూసింది. "కొంగనా, పిట్టనా అని నీకెందుకొచ్చింది? లాకెట్టు అనలేదేంది?"

"దీనికి నేనూ పాడానండి."

ఆవిడ గొళ్ళెం తీసింది. "ఆఖరు నిమిషంల పెంచుకుంట పెంచుకుంట పోయింది నువ్వేనా! నిన్నెంత తిట్టుకున్ననో తెలుసా? లోపలికి రా."

ఆవిడ హనుమకొండలో కాలేజీ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయాక కూతురి దగ్గరకు వచ్చారు. కూతురు బ్యాంకులో, అల్లుడు స్టేడియం కట్టే కంపెనీలో. పొద్దున్నే ఇద్దరూ వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఆవిడ ఒక్కతే. పాఠం చెప్పి చెప్పి అలవాటైన గొంతు, గది చిన్నదైనా చివరి బెంచీకి వినిపించేలా మాట్లాడేవారు.

"ఐరోపా చరిత్ర చెప్పిన. గుర్రాలు, కోటలు, దొరలు, అన్నీ పుస్తకాలల్ల జూసి చెప్పుడే. ఒక్కటన్న చేతుల పట్టుకున్ననా? గిప్పుడు పట్టుకుంటున్న" అన్నారు.

సెలవు రోజైన శుక్రవారం నేను వాళ్ళింటికి వెళ్ళడం అలా మొదలైంది. మొదట్లో అల్లుడు ముందుగదిలో పేపరు పట్టుకుని మాతోపాటు కూర్చునేవాడు. పరాయి మగవాడు వారం వారం వస్తుంటే అతను మాత్రం ఏం చేస్తాడు? కొన్నాళ్ళకు ఈ బిళ్ళల ముచ్చటతో విసుగొచ్చి లేచిపోవడం మొదలుపెట్టాడు. నేను భూతద్దం తీసుకెళ్ళేవాణ్ణి. ఆవిడ తన బిళ్ళలను పట్టుజాకెట్టు గుడ్డతో కుట్టిన సంచిలోంచి ఒక్కొక్కటే తీసి తువ్వాలు మీద పెట్టేవారు. ఇకమీదట ఒకరి మీద ఒకరు పాడుకోకూడదని ఒప్పందం చేసుకున్నాం.

"జంతువులు నీకు, పిట్టలు, పూలు నాకు" అన్నారు.

"చేపలొస్తేనో, మేడమ్ గారూ?"

"చేపలొస్తే కొట్లాడుకుందాం."

ఆ ఇంటి నుంచి తిరిగి వస్తూ మా విల్లా మెట్లెక్కుతుంటే, వారం మొత్తంలో నేను గొంతెత్తి నవ్వింది అక్కడేనని తోచేది. మళ్ళీ శుక్రవారం దాకా ఆ నవ్వు మీదే గడిపేవాణ్ణి.

చాలా నెలలు నా మొదటి బిళ్ళను ఆవిడకు చూపించలేదు. అది అన్నిటికంటే నాకు ఇష్టమైనది, చివరికి చూపిద్దామని దాచుకున్నాను. ఒక శుక్రవారం తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని చూడలేదు. కళ్ళు గోడవైపు పెట్టి వేళ్ళతో తడిమారు. వెనకవైపు, అంచులు, కొక్కెం రంధ్రం. రంధ్రంలో చిటికెనవేలి గోరు పెట్టి తిప్పారు.

"ఇది ఎక్కడ దొరికింది నీకు?"

చెప్పాను.

"ఏమనుకోకు బిడ్డా. ఇది గుర్రం మీద ఊగలేదు. ఊగితే రంధ్రం పైదిక్కు అరుగుతది. నావన్నీ అరిగినయ్. ఇది గుండ్రంగ, నున్నగ ఉంది. వెనకపక్క గూడ కొత్త పోతలెక్క ఉంది."

"అరగకముందే రాలిపోయిందేమో."

"అయితే మంచిదే. ఎందుకైన పరీక్ష చేయించు."

మా ప్లాంటులో పైపు ఏ లోహందో చెప్పే మిషను ఒకటి ఉంటుంది, చూడటానికి తుపాకీలా ఉంటుంది. తనిఖీ విభాగంలో ఉన్న మలయాళీ స్నేహితుణ్ణి బతిమాలి భోజనాల వేళ బిళ్ళకు గురిపెట్టించాను. పాతకాలపు వాటిలో తగరం, సీసం ఏవేవో కలగాపులగంగా ఉండాలి. ఇందులో రాగి, యశదం తప్ప మరేమీ లేవు. "కొత్త ఇత్తడి భాయ్. మన వాల్వు పిడి లాంటిదే" అన్నాడతను.

అతను నవ్వలేదు, ఎగతాళి చేయలేదు. అయినా నాకు మొహం చెల్లలేదు. ఇచ్చినాయన తెలిసి ఇచ్చాడో, తెలియక ఇచ్చాడో. ఊరికే వచ్చినదానికి ఎవర్నేమనగలను? కోపమల్లా ఆవిడ మీద వచ్చింది. ఆ శుక్రవారం వెళ్ళలేదు. తర్వాతి శుక్రవారమూ వెళ్ళలేదు. ఫోను మోగితే డ్యూటీలో ఉన్నానని చెప్పాను. సెలవు రోజు మంచం మీద పడుకుని, కింద రోడ్డు తవ్వే యంత్రం చప్పుడు వింటూ ఉండిపోయేవాణ్ణి. రూమ్మేట్లు చేపల మార్కెట్‌కు రమ్మన్నారు, రానన్నాను.

ఎండ బాగా ముదిరిన ఒక శుక్రవారం మా గేటు ఎవరో దబదబా కొట్టారు. దిగి చూస్తే హెల్మెట్టు పెట్టుకున్న కూలీ ఒకతను, అతని మోచెయ్యి పట్టుకుని ఆవిడ.

"సార్, ఈ అమ్మ మీ ఇల్లడుగుతాంది" అన్నాడతను. "ఒక్కతే రోడ్డు దాటుతాంది. ముంగట పెద్ద గుంత ఉందమ్మా అని మొత్తుకున్నా సక్కగ దాని మీదికే పోతాంది. ఉరికొచ్చి పట్టుకున్న."

"జగిత్యాల దిక్కు పిల్లగాడు" అన్నారావిడ, చుట్టాన్ని పరిచయం చేస్తున్నట్టు. "ఇంట్ల వాళ్ళు మాత్రం మావోడు దుబాయ్ల ఉన్నడంటరట. ఎన్నిసార్లు చెప్పినా ఖతర్ అనరట."

"ఎవలంటరమ్మా! ఏదైన దుబాయే వాళ్ళకు" అని అతను నవ్వాడు. "ఇంత తవ్వుతున్నరు గద, లోపల ఏమన్న దొరికిందా?" అని ఆవిడ అడిగితే, "ఇసుక, రాయి, ఉప్పునీళ్ళు. ఇంకేముంటదమ్మా ఈడ?" అన్నాడు. ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరిస్తే పరుగెత్తాడు.

మా విల్లాలో ఆడవాళ్ళు అడుగుపెట్టింది అదే మొదలు. రూమ్మేట్లు తాడు మీది లుంగీలు లాగేసి గదుల్లోకి దూరారు. ఆవిడ మొదటి మెట్టుకు కాలు తన్నుకుని తూలారు. చెయ్యి అందించి కింద గదిలోనే కూర్చోబెట్టాను. చేతిసంచిలోంచి డబ్బా తీసి, అందులోని సర్వపిండి ముక్క విరిచి నా చేతిలో పెట్టబోయి, గాలిలో పెట్టారు. అది నేల మీద పడింది.

అప్పుడు నాకు అర్థమైంది.

"ఎన్నాళ్ళనుంచండి?" అన్నాను.

"ఏడాదిన్నర. నడిమిట్ల కనపడదు, అంచులు కనపడతయి. నీ మొఖం జూడాలంటే నీ చెవు దిక్కు జూడాలె. బిడ్డకు ఒక కన్నే అని చెప్పిన. రెండోదీ పోతాంది." చీర కొంగుతో చెమట తుడుచుకున్నారు. "చదువుడు చేతనైతలేదు. ఫోన్ల అక్షరాలు ఎంత పెద్దగ జేసినా అంతే, వేలం ధర గూడ ఫోనే చదివి వినిపిస్తది. చేతుల పట్టుకునేటియి అయితే ఉంటయి గదా అని ఇవి కొనుడు మొదలువెట్టిన. నీ బిళ్ళ నకిలీదని కన్నుతోని చూడలేదు నేను. కళ్ళు కనపడేటోళ్ళకు ఆ ఎర్రరంగే కనపడ్తది."

నేను కింద పడిన సర్వపిండి ముక్క ఏరాను.

"అలిగినవా?"

"లేదండి."

"అలిగినవ్. అలిగితే అలిగినవ్ గని, ఆ దొంగబిళ్ళ లేకుంటే నువ్వు నాకు తెలిసేటోడివా? దాన్ని పారెయ్యకు."

సర్వపిండి చల్లారిపోయి గట్టిపడింది. ఇద్దరం అదే తిన్నాం. ఇంటిదాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. కూతురికి చెప్పవలసిన సంగతి ఆవిడే చెప్పారు, ఆ సాయంత్రమే. నేనూ ఉన్నాను. కూతురు ముందు తల్లిని కోప్పడింది, తర్వాత ఏడ్చింది. నన్ను పంపించడానికి గేటు దాకా వచ్చి, "మీరు రావడం మానకండి, ప్లీజ్. మా అమ్మ శుక్రవారం కోసం చీర ముందే తీసి పెట్టుకుంటది" అంది.

అప్పటినుంచి నా పని మారింది. బిళ్ళ ఆవిడ చేతిలో ఉండేది, నేను చూసి చెప్పాలి. మొదట్లో నాకు చేతనయ్యేది కాదు. "నీలం రంగండి" అనేవాణ్ణి.

"ఏ నీలం? నీళ్ళ నీలమా, నేరేడు పండు నీలమా?"

"పోస్టు కార్డు మీద సిరా ఒలికితే ఉంటుందే, ఆ నీలం."

"ఆఁ, గట్ల చెప్పు. బంగారు పూత ఉందా?"

"రెక్క కింద మడతలో కొంచెం మిగిలిందండి. ఆవగింజంత."

"రైతు నాగలి అక్కడికి పోలే" అని ఆ మడత వేలితో వెతుక్కునేవారు.

అలా చూసి చెప్పడం వల్ల నేనే వాటిని అప్పుడు సరిగా చూశాను. అంతకుముందు నా దగ్గర ఉన్నాయన్న సంతోషం తప్ప మరేమీ లేదని తెలిసింది. ఒక సింహం నాలుక బయటపెట్టి ఉందని నేను కొన్న మూడేళ్ళకు, ఆవిడ "నోరెట్లుంది?" అని అడిగితే కనుక్కున్నాను.

స్టేడియం పని పూర్తికావచ్చింది. అల్లుడి కాంట్రాక్టు అంతటితో సరి. దోహాలో ఆ రోజుల్లో అందరి మాటా అదే. కట్టడం ముగిసిన కొద్దీ కట్టినవాళ్ళు వెళ్ళిపోతున్నారు. ఆటలు చూసేది మరొకరు. వాళ్ళు హైదరాబాదు వెళ్ళిపోవడానికి నిశ్చయించుకున్నారు.

చివరి శుక్రవారం ఇంట్లో అట్టపెట్టెలు తప్ప కుర్చీలు కూడా లేవు. నేల మీద కూర్చున్నాం. బిళ్ళలు నీ దగ్గర పెట్టుకోమని ఆవిడ అన్నారు, నేను వద్దన్నాను. "మీ చేతులకు అలవాటైనవండి అవి" అన్నాను. ఆవిడ మరి బలవంతం చేయలేదు. నిజానికి వాటిని వదలడం ఆవిడకూ ఇష్టం లేదు.

"నువ్వెప్పుడు పోతవ్ ఇంటికి?" అని అడిగారు.

"చూడాలండి."

"ఏం జూస్తవ్? నీకు కళ్ళున్నయి గదా."

ఆవిడ నా చెవివైపు చూస్తూ, అంటే నా మొహంలోకి చూస్తూ, వేరే మాటలోకి వెళ్ళారు.

వాళ్ళు బయలుదేరిన రోజు నాకు డ్యూటీ. కంట్రోల్ రూములో ఉండగా ఫోను వచ్చింది. "పోతున్న" అన్నారు. "మంచిదండి, జాగ్రత్త" అన్నాను. వెనక నుంచి విమానాశ్రయం ప్రకటనలు వినిపించాయి. ఇంకేమన్నా అందామనుకునే లోపు కూతురు ఫోను తీసుకుని, కంగారులో రెండు ముక్కలు చెప్పి పెట్టేసింది.

ఆ వెనక విల్లాను నెలలోపే పడగొట్టారు. అక్కడ పార్కింగు వస్తుందన్నారు. హైదరాబాదు నుంచి మొదట్లో వారం వారం ఫోను వచ్చేది. తర్వాత ఆవిడకు కళ్ళ ఆపరేషనన్నారు, లాభం లేదన్నారు. పండగలకు మాట్లాడుకుంటున్నాం. గొంతు మాత్రం ఇంకా చివరి బెంచీకి వినిపించేటట్టే ఉంది.

ఊరు సిద్ధమైపోయింది. మూసిన రోడ్లన్నీ తెరిచారు. బస్సు ఇప్పుడు గబగబా మెసయీద్ చేరిపోతోంది. దిమ్మలు, మలుపులు లేకపోతే దారిలో చూడటానికి ఏమీ లేదు. దీపస్తంభాలకు జెండాలు కట్టారు. మా విల్లాలో ఇద్దరు వెళ్ళిపోయి కొత్తవాళ్ళు వచ్చారు, వాళ్ళ పేర్లు గుర్తుండటానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఒక శుక్రవారం కొత్త బిళ్ళ వచ్చింది. విప్పి లైటు కింద పెట్టుకున్నాను. అలవాటుగా పైకే చెప్పడం మొదలుపెట్టాను. "ఎర్ర నేల మీద అడవిపంది తల. దంతం విరిగింది. ఎరుపు కుంకుమలా కాదు, కాల్చిన పెంకులా ఉంది." గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడే మా ఆవిడ ఫోను చేసింది. తిన్నారా, తిన్నాను. ఎండగా ఉందా, ఉంది. తర్వాత మామూలుగా ఊరుకునే చోట ఊరుకోకుండా, "ఒక కొత్త బిళ్ళ వచ్చింది, చెప్పనా?" అన్నాను.

అటునుంచి కాగితాల చప్పుడు ఆగింది. పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టుంది. "చెప్పండి" అంది.

చెప్పాను. రంగు చెప్పాను, దంతం చెప్పాను, కొక్కెం రంధ్రం ఎటువైపు అరిగిందో, ఎందుకు అరిగిందో చెప్పాను. పొలంలో ఎలా రాలిపోతుందో చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు.

"ఇలాంటివి ఎన్ని కడతారండీ ఒక గుర్రానికి?"

"వరసగా కడతారు. మెడకు, ఛాతీకి, వెనక కూడా."

"మరి దానికి బరువు కాదూ?"

అది నాకెప్పుడూ తోచలేదు. మేడమ్ గారు కూడా ఎన్నడూ అడగలేదు. తెలియదన్నాను. బరువు మాట అటుంచి, నడుస్తుంటే గలగలలాడే చప్పుడుకు ముందు బెదిరి ఉంటుందని ఆమె అంది. తర్వాత అలవాటు పడుతుందిలే అన్నాను. చిన్నప్పుడు వాళ్ళ వీధిలో జట్కా గుర్రం మువ్వల పట్టీ వేస్తే చాలు కదిలేది కాదట, ఆ సంగతి చెప్పింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నేను విననిది అది. చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎప్పుడు వస్తారని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.